సొరకాయ వేలంపాట

నాశనానికి ముందు గర్వం నడుస్తుందన్న బైబిలు సామెతల గ్రంథపు మాట నోటికి రాని విశ్వాసి మా నరసాపురం వైపు ఉండరు. ఎదుటివాడు చతికిలబడితే చాలు, 16వ అధ్యాయం 18వ వచనం అప్పజెబుతారు. దాని కిందనున్న 19వ వచనాన్ని మాత్రం ఎవరూ ఎత్తరు. గర్విష్ఠులతో దోపుడుసొమ్ము పంచుకోవడం కంటే దీనమనసుతో దీనులతో పొత్తు మేలంటుంది అది. మన విస్తరి ఎవరి పక్కన వేసుకున్నామని నిలదీసే మాట కదా, ఎందుకు ఎత్తుతారు!

మా సంఘంలో కానుకల లెక్క రాసేది నేను. మొన్నటి కోతపండుగకు వడ్ల బస్తాలు, అరటిగెలలు, కోళ్ల నడుమ ఊడ్పులకు వెళ్లే ఒక పెద్దావిడ పెరటి సొరకాయ తెచ్చి పెట్టింది. నూగు కూడా రాలని లేతకాయ, తొడిమ దగ్గర ఇంకా పచ్చి తడి. ప్రార్థన అయ్యాక వేలం మొదలైంది. రొయ్యల చెరువుల ఆసాములిద్దరు పంతానికి పోయి పాటను వందల నుంచి వేలకు ఎక్కించారు. ఒకటే చప్పట్లు! నెగ్గినాయన పేరూ అంకే రాసుకున్నాను. ఆయన కాయను బల్ల మీదే వదిలేసి భోజనానికి వెళ్లారు. వాళ్లిద్దరికీ కుర్చీలు, ఆవిడకు పందిరి చివర చాప.

కత్తి పడితేనే దోపిడీయా? చెరువు ఉప్పునీరు గట్టు కింద నుంచి ఊరి పక్క చేనును చౌడు చేస్తే నాట్లు ఆగిపోతాయి, ఆవిడ కూలి పోతుంది.

డబ్బే పాపమని ఆ గ్రంథం అనదు. 30వ అధ్యాయంలోని మాటలు పలికిన ఆగూరు పేదరికమూ వద్దు, ఐశ్వర్యమూ వద్దు, తగినంత తిండి చాలని వేడుకుంటాడు. కలిగితే దేవుడెవరంటానేమో, లేకపోతే దొంగిలిస్తానేమోనని ఆయన భయం. మా కూటాల్లో ఇంత నిక్కచ్చి ప్రార్థన వినబడదు. దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యమంటే కొత్త కారు, లేదంటే అబ్బాయి వీసా.

1836లో ఇంగ్లండు నుంచి బయలుదేరి ఈ గోదావరి తీరానికి సువార్త తెచ్చినవారిలో విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జ్ బీర్ చెప్పులు కుట్టేవాడు. మా ప్రహరీ నిండా దాతల పేర్లు చెక్కిన పలకలు చూస్తే ఆ రాతిపనివాడు ఏమనేవాడో మరి.

ఈసారి లెక్కల పుస్తకంలో కానుక తెచ్చినవారి పేరుకూ ఒక గడి గీశాను. వేలానికి ముందు ఆ పేర్లు చదవాలని కమిటీలో అడిగాను.

“ఆవిడ పాట పాడలేదు కదండీ,” అన్నారు సంఘపెద్ద ఒకరు.

“కాయ ఆవిడదే కదండీ,” అన్నాను.