కుడి పాదం మూడుసార్లు మూడు లెక్కలు చెప్పింది

అరికాలి వంపు ఎంతుందో తేల్చుకోడానికి పాదముద్రలు తీసి, వేళ్లు వదిలేసి పొడవుని మూడు భాగాలు చేసి, మధ్య భాగం వైశాల్యాన్ని మొత్తం వైశాల్యంతో భాగిస్తున్నాను. ఎడమ పాదం సంగతి తేలిపోయింది. మూడు ముద్రలూ 0.23, 0.24 మధ్యే, మామూలు వంపు. కుడిది మాత్రం వారం రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

తడి కాలితో గచ్చు మీద అడుగేసే పద్ధతి మానేశాను. అంచు గీసుకునేలోపే నీళ్లు పాకి ముద్ర వెడల్పైపోతోంది. స్టాంపు ఇంకు పల్చగా పడింది. అమ్మ చెప్పినట్టు పారాణి దూదితో అద్దితే అంచు కత్తిరించినట్టు వచ్చింది. ఇక నుంచి పారాణే.

వేళ్లు వదిలేస్తే ముద్ర పొడవు 198 మి.మీ. అంటే 66 చొప్పున మూడు భాగాలు. గ్రాఫ్ షీటు గళ్లు లెక్కపెడితే సోమవారం మధ్య భాగం 31.2 చ.సెం.మీ., మొత్తం 108. నిష్పత్తి 0.29. బుధవారం 25కి 104, అంటే 0.24. శుక్రవారం 29కి 107, అంటే 0.27. 0.21 లోపైతే ఎత్తు వంపు, 0.26 దాటితే చదును పాదం. ఒకే కాలు ఒకరోజు చదును, ఒకరోజు మామూలు, మళ్లీ చదును! గళ్లు రెండోసారి లెక్కపెట్టాను, ఒక్క గడి తేడా కూడా లేదు.

సోమవారం చాప మీద తీశాను. మెత్తగా ఉంది కాబట్టి కాగితం వంపులోకి లేచి అంటుకుని ఉంటుంది. శుక్రవారం గచ్చు మీదే కదా, మరి 0.27 ఎందుకు? నిన్న ఎడమకాలు బరువు మెషీను మీద పెట్టి, కుడికాలి కింద సరిగ్గా అంతే ఎత్తు చెక్క, దాని మీద షీటు వేశాను. అంకె చదవమంటే చెల్లి, "అన్నయ్యా, ఇరవై రెండే చూపిస్తోంది" అంది. నా బరువు 64. అంటే కుడికాలి మీద 42 కిలోలు! ముద్ర ఎలా పడుతోందోనని తల వంచిన ప్రతిసారీ కుడివైపు ఒరిగిపోతున్నాను. గోడకేసి చూస్తూ 32 దగ్గర నిలబడి మూడు తీశాను: 0.26, 0.25, 0.26. సరిగ్గా హద్దు మీదే.

బుధవారం 0.24 మాత్రం ఇంకా అంతు చిక్కలేదు. అది నిద్ర లేవగానే తీసింది, మిగతా రెండూ అయోధ్యా మైదానంలో పరుగు అయ్యాక తీసినవి. పరుగెత్తాక వంపు కుంగుతోందని నా అనుమానం.

షూ కొనాలనే ఇదంతా. ఏసిక్స్ కయానో అనే పరుగు షూ మీద మనసుంది. కానీ ముద్ర చూసి షూ ఎంచడం మీద నమ్మకం తగ్గింది. అమెరికా సైనిక శిక్షణలో అలా షూ ఇచ్చి చూస్తే గాయాలు పెద్దగా తగ్గలేదని 2009, 2010 అధ్యయనాల్లో తేలింది. వేసుకుని నాలుగడుగులు నడిచి, కాలికి హాయిగా ఉన్నదే కొంటాను.

ఆదివారం ఇంకో పరీక్ష. చీలమండకి ముందు, లోపలివైపు పొడుచుకొచ్చే నావిక్యులర్ ఎముక దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి గచ్చు నుంచి ఎత్తు కొలవాలి. తేడా 10 మి.మీ. దాటితే వంపు బాగా కుంగుతున్నట్టే. పరుగుకి ముందొకసారి, తర్వాతొకసారి. స్కేలు పట్టుకోడానికి ఐదున్నరకే లేస్తానని చెల్లి మాటిచ్చింది.