మెలకువల మెదడు ఆపరేషన్: మత్తు ఎంత, ఎప్పుడు

నాకు ఫిట్స్ వస్తే నల్లగొండల ఎమ్మారై తీయించినం. ఎడమ కణత లోపల, మాటకు సంబంధించిన చోటును ఆనుకొని గడ్డ ఉన్నది. మెలకువగ ఉంచి తీస్తమని హైదరాబాద్‌ల చెప్పిన్రు. ఇంటోళ్ల భయమంత నొప్పి గురించే.

మెదడుకు నొప్పి తెల్వదు. తెలిసేది తల చర్మానికి, కండరానికి, మెదడును కప్పిన మందపు పొరకు. అందుకే తలకు రెండు దిక్కుల ఆరేసి నరాలకు, కనుబొమ్మల పైనుంచి మెడ వెనక దాక, తిమ్మిరెక్కించే బుపివకైన్ సూదులు వేస్తరు. అవి కుచ్చేటప్పుడు బాగనే మండుతది. ఆ కాసేపు ఓర్చుకునేటందుకు ప్రొపోఫాల్ అనే మత్తుమందు, ఫెంటానిల్ అనే నొప్పి తగ్గించే మందు కొద్దికొద్దిగ ఇస్తరు. తలను బిగించే మూడు మొలలు ఆ తర్వాతనే.

అసలు ఆధారం డెక్స్‌మెడిటోమిడిన్ అనే కునుకు మందు. మామూలుగ కిలో బరువుకు 0.5 నుంచి 1 మైక్రోగ్రాము 10 నిమిషాలల్ల, ఆ తర్వాత గంటకు 0.2 నుంచి 0.7 దాక సిరంజి పంపుతోటి ఎక్కిస్తరు. మనిషి కునుకుతడు, పేరు పెట్టి పిలిస్తే కండ్లు తెరుస్తడు. ఊపిరి పెద్దగ మందగించదు గని నాడి, బీపీ పడిపోవచ్చు.

ఇంకింత మత్తు ఇయ్యరాదా అని మా వాళ్లు అడిగిన్రు. ఎక్కువైతే ఊపిరి తగ్గుతది, రక్తంల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతది, మెదడు ఉబ్బుతది. పుర్రె తెరిచి ఉన్నప్పుడు అది ప్రమాదం. తల బిగించి ఉంటది కాబట్టి గొంతుల గొట్టం వేసుడు కూడ కష్టమే. నిద్రల గట్టిగ గురక పెట్టేటోళ్లు, ఊపిరి ఆగేటోళ్లు ఈ సంగతి మత్తు డాక్టరుకు తప్పకుండ ముందే చెప్పాలె.

పొర తెరిచినంక ప్రొపోఫాల్ బంద్ చేస్తరు. పూర్తిగ తెలివి వచ్చేటందుకు కొన్ని నిమిషాలు పడుతది. అప్పుడు బొమ్మలు చూపిస్తరు, ‘ఇది...’ అని మొదలుపెట్టి పేరు చెప్పాలె. సన్న కరెంటు తగిలిన చోట మాట ఆగితే ఆ చోటును ముట్టరు. ఈ బొమ్మల్ని ముందురోజే చూసుకోవాలె. మొక్కజొన్న బొమ్మకు నేను ‘మక్కకంకి’ అంటా, వేరుశనగకు ‘పల్లికాయ’ అంటా. పరీక్ష చేసేటాయనకు మన మాట తెల్వకపోతే తప్పు చెప్పిండని రాసుకుంటడు. ముందురోజు తడబడిన బొమ్మలు తీసేస్తరు.

కరెంటుతోటి ఫిట్స్ రావచ్చు. వస్తే మంచులెక్క చల్లటి సెలైన్ మెదడు మీద పోస్తరు, ఆగకపోతే కొంచెం ప్రొపోఫాల్ ఇస్తరు. ఫిట్స్ తర్వాత కొంతసేపు మాట మొద్దుబారుతది, పరీక్ష పాడైతది. అందుకే పొద్దుటి ఫిట్స్ గోలి డాక్టరు చెప్పినట్టు గుటికెడు నీళ్లతోటి వేసుకోవాలె.

ఓర్వనిది ఒకే పక్క పండుడు, దూప. మెదడు ఉబ్బు తగ్గేటందుకు మానిటాల్ ఇస్తే ఒంట్ల నీళ్లు మూత్రంగ పోతయి, పెదవులకు తడి దూది అద్దుతరు. గడ్డ ఎడమకుంటే కుడిపక్కకు పండవెడ్తరు. వారం ముందు నుంచి ఇంట్ల గంటసేపు అట్ల పండుకొని అలవాటు చేసుకుంటే భుజం అంత గుంజదు.

ఇంటికి వచ్చినంక మెదడు వాపు తగ్గేదాక మాట నిదానంగ వస్తది. ఆ వాపు తగ్గించే డెక్సామెథసోన్ గోలీలు ఒక్కపారి ఆపొద్దు, డాక్టరు చెప్పిన లెక్కల తగ్గించుకుంట రావాలె. కణత కండరం కోస్తరు కాబట్టి దవడ పట్టేస్తది. జొన్నరొట్టె నమలరాదు, పాలల్ల నానబెట్టుకోవాలె, లేదంటే గట్క మెత్తగ కలుపుకొని తాగాలె. గాయం మానినంక రోజూ నోరు తెరిచే కసరత్తు చెయ్యాలె, ముందు రెండు వేళ్లు, ఆ తర్వాత నిలువుగ మూడు వేళ్లు పళ్ల నడుమ పట్టేదాక.