గూడెం సరే అనడానికి ఏడు నెలలు

నల్లమల చెంచుల తిండి, ఆరోగ్యం మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినప్పుడు అనుమతులు తెచ్చుకోవడమే కష్టమని అందరూ చెప్పారు. ఆ కాగితాలు నాలుగు నెలల్లో చేతికొచ్చాయి. గూడెం సరే అనడానికి ఆ తర్వాత ఇంకో ఏడు నెలలు పట్టింది.

ముందు కాగితాల సంగతి. మొదట మా ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో మనుషులకి అన్యాయం జరగకుండా చూసే సంఘం. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం గిరిజనుల మధ్య చేసే పరిశోధన వాళ్ళకి పనికొచ్చేదిగా ఉండాలి. కలెక్టరు లాంటి అధికారి అనుమతి ఉండాలి. గూడెం పెద్ద ఒప్పుకున్నా, ప్రతి మనిషినీ మళ్ళీ విడిగా అడగాలి. తర్వాత గిరిజనుల అభివృద్ధి పనులు చూసే ప్రభుత్వ సంస్థ శ్రీశైలం ఐటీడీఏ, పులుల అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి, నేను వెళ్ళాల్సిన ఆత్మకూరు వైపు కర్నూలు నుంచి నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. ఆ సంగతి ముందే చూసుకుని దరఖాస్తు నంద్యాలలో ఇవ్వండి. నేను కర్నూల్లో ఇచ్చి నెల పోగొట్టుకున్నాను.

జనవరిలో నందికొట్కూరు మీదుగా ఆత్మకూరు బస్సెక్కాను. బ్యాగులో ఆరు పేజీల అంగీకార పత్రాలు, వేలిముద్రల ఇంకు డబ్బా. గూడెం పేరు రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాను. పత్రం మొత్తం చదివి వినిపించాను. వేపచెట్టు కింద కూర్చున్న అవ్వ చివరిదాకా విని అంది:

"పాపా, నీకంటే ముందు కూడా వచ్చినారు. రక్తం తీసుకున్నారు, ఏలిముద్ర ఏయించుకున్నారు. మా రక్తంలో ఏముండాదో ఈ పొద్దుటికీ చెప్పలేదు."

నా దగ్గర జవాబు లేదు. పత్రాలు తిరిగి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక రెండు రోజులు సరిగా నిద్రపట్టలేదు. వాళ్ళకి రావలసిన రిపోర్టు అది. ఎవరో పట్టుకుపోయి తిరిగివ్వలేదు.

ఆ తర్వాత నాలుగుసార్లు కాగితం లేకుండానే వెళ్ళాను. మాది ఆళ్లగడ్డ వైపు అని తెలిశాక ఒక తాత, "అహోబిలం సామికి మా చెంచులక్ష్మిని ఇచ్చినాము గదా, అయితే నువ్వు మా అల్లుని ఊరిదానివి" అన్నాడు. మార్చి చివర్లో ఇప్పపువ్వు ఏరడానికి ఆడవాళ్ళతో వెళ్ళాను. పువ్వు రాత్రి రాలుతుంది. ఎండ ఎక్కకముందే ఏరుకోవాలి, ఆ రోజే ఆరబోయాలి. నడుము విరిగిపోయింది. నా ప్రశ్నావళిలో ఈ పనికి "ఆహార సేకరణ" అని ఒక్క గడి ఉంది.

తేనె గురించి కూడా తాతే చెప్పాడు. కొండ అంచు నుంచి తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. "చెల్లెలి తాళి వాని చేతుల్లో ఉంటాది. ఇంగ వదుల్తాడా?" తేనెపట్టు మొత్తం కోయరు, ఈగలకి కొంత వదిలిపెడతారు. నా పత్రంలో "ప్రమాదకరమైన పని చేస్తారా? అవును / కాదు" అని ఉంది. ఆ ప్రశ్న అక్కడే కొట్టేశాను. ఎవరితో కలిసి చేస్తారు, ఎవరిని నమ్మి చేస్తారు అని అడగకపోతే ఆ పని గురించి మనకేమీ తెలియదు.

ఆగస్టులో అందరూ కూర్చుని మాట్లాడుకున్నారు, నన్ను దూరంగా ఉండమన్నారు. తర్వాత పిలిచి షరతులు చెప్పారు. గూడెం పేరు, ఆకుమందుల పేర్లు ఎక్కడా రాయకూడదు. రక్తం ఫలితం ఎవరిది వాళ్ళకే, గూడేనికే వచ్చి చెప్పాలి. ఇంతలో ఒక కోడలు వెనకనుంచి అడిగింది: "మేమేం తింటామో రాసుకుంటాండావు, ఏం నీళ్ళు తాగుతాండామో ఎందుకు అడగవక్కా?"

ఎండాకాలంలో వాళ్ళు తాగేది చెలమ నీళ్ళు. ఏడు నెలలు తిరిగినా నాకు ఆ ప్రశ్న తోచలేదు. ప్రతిపాదన మార్చి నీళ్ళ పరీక్షలు చేర్చాను, మళ్ళీ ఎథిక్స్ కమిటీకి పంపాను. ఆరు వారాలు ఆలస్యమైంది. గైడ్‌కి టెన్షన్, నాకు మాత్రం లేదు.

హిమోగ్లోబిన్ ఫలితాలు నవంబర్‌లో పట్టుకెళ్ళి ఇంటింటికీ తిరిగి చెప్పాను. తక్కువున్నవాళ్ళ కోసం ఏఎన్ఎం (ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సు) అక్కని వెంట తీసుకెళ్ళాను. అవ్వకి తొమ్మిదిన్నర. ఆడవాళ్ళకి కనీసం పన్నెండు ఉండాలి. అంకె చెప్తే ఎలా అర్థమవుతుందని స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి, నిండుగా ఉంటే పన్నెండు, నీది ఇంతవరకే అని చూపించాను. అవ్వ గ్లాసుని కాసేపు చూసి, "ఈ ఎలితి నిండాలంటే ఎన్ని మాత్రలు మింగల్ల?" అని ఏఎన్ఎంని అడిగింది.

నీళ్ళ రిపోర్టు ఇంకా రాలేదు. వచ్చిన వారమే ఆత్మకూరు బస్సెక్కుతానని ఆ కోడలికి మాటిచ్చాను.