ఖేజడ్లీ జమ్మి చెట్ల కింద

జీపు పూర్తిగా ఆగకముందే డ్రైవర్ భాయ్ చెయ్యెత్తి మాట్లాడొద్దని సైగ చేశాడు. రోడ్డు పక్కనే కృష్ణజింక. మెలితిరిగిన పొడవాటి కొమ్ములు, వీపు నల్లగా, పొట్ట తెల్లగా. మమ్మల్ని ఓసారి చూసి మళ్లీ మేతలో పడింది. అదే చేలో ఒకావిడ కలుపు తీసుకుంటోంది, తలెత్తి కూడా చూడలేదు.

పొద్దున జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ ఎక్కాం. 1459లో రావ్ జోధా మొదలుపెట్టిన కోట. లోహాపోల్ అనే కోట ద్వారం దగ్గర గోడ మీద సతీసహగమనం చేసిన రాణుల అరచేతుల గుర్తులున్నాయి. ఎంత చిన్న చేతులో! అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

మధ్యాహ్నం జోధ్‌పూర్ దగ్గరే ఉన్న ఈ ఖేజడ్లీ ఊరు.

1730లో రాజుగారి కొత్త మహల్‌కి సున్నం కాల్చాలి, కట్టెలు కావాలంటూ మనుషులు గొడ్డళ్లతో ఈ ఊరొచ్చారు. ఈ ఊరి అమృతాదేవి చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆ వెంటే ఆమె ముగ్గురు కూతుళ్లు. తర్వాత చుట్టుపక్కల ఊళ్ల బిష్ణోయిలు, చెట్టునీ జంతువునీ కాపాడటమే ధర్మమనుకునే వాళ్లు. మొత్తం 363 మంది.

ఆ చెట్టు వేరేదేం కాదు, మన జమ్మి చెట్టే! దసరా రోజు బంగారమని ఒకరి చేతిలో ఒకరం పెట్టుకుని అలాయ్ బలాయ్ ఇచ్చుకుంటామే, ఆ ఆకే. మన తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా. సన్నటి ఆకులు, కొమ్మంతా చిన్న చిన్న ముళ్లు. బెరడు మీద చెయ్యి పెడితే గరుకుగా తగిలింది, కళ్లు చెమర్చాయి.

కోట దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. ఇక్కడ మాత్రం మేం తప్ప ఎవరూ లేరు. జోధ్‌పూర్ వెళ్తే ఒక పూట ఈ ఊరికి ఉంచుకోండి. పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి.