బిలీబిన్ ఊళ్ళో నాలుగు రోజులు

మా మేనకోడలు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మెడిసిన్ చదువుతోంది. "అత్తా, వస్తే జూన్‌లో రా. రాత్రి పదకొండుకి కూడా వెలుతురుంటుంది, చలి బాధ ఉండదు" అని రెండేళ్ళుగా పిలుస్తోంది. నేను ఫిబ్రవరిలో వస్తానన్నాను. ఎందుకో చెప్పాక ఫోన్‌లో అటువైపు నుంచి కాసేపు మాట లేదు. జానపద కథలకి బొమ్మలు వేసిన రష్యన్ చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్ చనిపోయింది 1942 ఫిబ్రవరి 7న. ఆ ఊళ్ళోనే, ఆకలితో. ఆయన బొమ్మలు చూస్తూ పెరిగినదాన్ని నేను. వెళితే ఆ చలిలోనే వెళ్ళాలనిపించింది.

నా చిన్నప్పుడు మా నాన్న విజయవాడలో ఏలూరు రోడ్డుకి వెళితే విశాలాంధ్ర పుస్తకాల షాపులో అడుగుపెట్టకుండా తిరిగి వచ్చేవారు కాదు. మాస్కోలో అచ్చయిన పుస్తకాలు అక్కడ చవగ్గా దొరికేవి. ఒకసారి వెడల్పాటి, పల్చటి పుస్తకం ఒకటి తెచ్చారు. రష్యన్ జానపద కథలు, ఇంగ్లిషులో. మాకు ఇంగ్లిషు రాదు కాబట్టి నాన్న ఒక్కో పేజీ చూసి తెలుగులో చెప్పేవారు. వసిలీసా అనే పిల్లని సవతి తల్లి నిప్పు తెమ్మని అడవిలోకి పంపుతుంది. అక్కడ బాబా యాగా అనే ముసలి మంత్రగత్తె గుడిసె. చివరికి వసిలీసా ఒక కర్రకి గుచ్చిన పుర్రె పట్టుకుని ఇంటికి బయల్దేరుతుంది. ఆ పుర్రె కళ్ళలోంచి వెలుతురు. చుట్టూ చీకటి అడవి. నేను ఆ పేజీ దగ్గర భయంతో నాన్న చెయ్యి పట్టుకునేదాన్ని, కానీ పేజీ తిప్పనిచ్చేదాన్ని కాదు. ఆ బొమ్మ వేసిన మనిషికి ఒక పేరుంటుందని నాకు తట్టింది కాలేజీకి వచ్చాకే.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ-వీసా ఇంట్లో కూర్చునే తీసుకోవచ్చు. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డులు అక్కడ పనిచేయవు, నగదు తీసుకెళ్ళాల్సిందే. మాస్కోలో దిగి సప్సాన్ రైలెక్కితే నాలుగు గంటల్లో పీటర్స్‌బర్గ్. దారి పొడుగునా కిటికీలోంచి కనిపించేవి రెండే: మంచు, తెల్లటి బర్చ్ చెట్లు. బాబా యాగా రోట్లో కూర్చుని ఎగిరేది ఈ చెట్ల మధ్యనే. బిలీబిన్ కల్పించాడనుకున్న అడవి నిజంగానే అలా ఉంది. నల్ల మచ్చలున్న తెల్లటి కాండాలు, పక్కపక్కనే నిలువు గీతల్లా.

మొదటి రోజు రష్యన్ మ్యూజియానికి వెళ్ళాం. బిలీబిన్ సొంత బొమ్మలు గోడ మీద కనిపిస్తాయన్న ఆశ పెద్దగా లేదు. కాగితం మీద వేసిన నీటిరంగులు వెలుతురుకి వెలిసిపోతాయి కాబట్టి మ్యూజియాలు వాటిని ఎక్కువ కాలం బయట పెట్టవు. నేను వెళ్ళింది ఆయన ముఖం చూడటానికి. 1901లో బోరిస్ కుస్తోదియెవ్ వేసిన బిలీబిన్ చిత్రం అక్కడుంది. ఇద్దరూ పేరున్న చిత్రకారుడు ఇల్యా రేపిన్ శిష్యులే. నల్ల కోటు, చక్కగా దువ్విన గడ్డం, కోటు గుండీ దగ్గర ఎర్ర పువ్వు. పాతికేళ్ళ కుర్రాడు, పెళ్ళికి వెళ్ళడానికి ముస్తాబైనట్టున్నాడు. చాలాసేపు నిలబడ్డాను. ఆ ఎర్ర పువ్వు మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

ఆయన 1876లో ఈ ఊరి పక్కనే తర్ఖోవ్కాలో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో డాక్టరు. కొడుకుని యూనివర్సిటీలో లా చదివించారు, ఆయన దాన్ని పూర్తి చేశాడు కూడా. కానీ పక్కన బొమ్మలు నేర్చుకుంటూనే ఉన్నాడు, కొన్నాళ్ళు మ్యూనిక్‌లో, తర్వాత రేపిన్ దగ్గర. 1899లో విక్టర్ వస్నెత్సోవ్ వేసిన 'బొగతీర్లు' అనే పెద్ద చిత్రాన్ని ప్రదర్శనలో చూసి కదిలిపోయాడు. ముగ్గురు జానపద వీరులు గుర్రాల మీద కాపలా కాస్తున్న చిత్రం అది. ఆ వేసవిలోనే త్వేర్ ప్రాంతంలోని యెగ్నీ అనే పల్లెకి వెళ్ళి కథల బొమ్మలు మొదలుపెట్టాడు. నేను చేయి పట్టుకుని చూసిన పుర్రె దీపం బొమ్మ ఆ ఏడాదిదే.

ఆయన పనిచేసే పద్ధతి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ముందు పెన్సిలుతో చిత్తు బొమ్మ. దాన్ని పల్చటి కాగితం మీదకి ఎక్కించి, అక్కణ్ణుంచి మంచి దళసరి కాగితం మీదకి దించేవాడు. అప్పుడు నల్ల సిరా. కొన ఏటవాలుగా కత్తిరించిన సన్నటి బ్రష్‌తో బొమ్మ అంతటికీ గీత గీసేవాడు. ఆకుకీ, కొంగుకీ, మబ్బుకీ, గుర్రం జూలుకీ అన్నిటికీ గీతే. ఆ గీత ఎక్కడా వణకదు. అందుకే తోటి చిత్రకారులు ఆయన్ని 'ఇనుప చెయ్యి ఇవాన్' అని పిలిచేవాళ్ళు. గీత ఆరాకే రంగులు, అవీ ఒకే మందాన, నీడలు పెద్దగా లేకుండా.

మా పిన్ని వాళ్ళది శ్రీకాళహస్తి. వాళ్ళింటి పక్కన కలంకారీ వేసే ఆయన ఉండేవారు. బెల్లం, తుప్పు పట్టిన ఇనుము నీళ్ళలో ఊరబెట్టి చేసిన నల్ల రంగులో వెదురు కలం ముంచి, ముందు రాముణ్ణీ సీతనీ మొత్తం గీతల్లో దించేవారు. రంగులు తర్వాతే. చుట్టూ అంచు ఉండాల్సిందే. బిలీబిన్‌కి శ్రీకాళహస్తి తెలియదు, ఆ కలంకారీ ఆయనకి బిలీబిన్ తెలియదు. అయినా బిలీబిన్ పేజీ చుట్టూ ఉండే అంచు చూసిన ప్రతిసారీ నాకు ఆ పంచలో పరిచిన బట్టే గుర్తొస్తుంది. ఆ అంచులు ఊరికే అలంకారానికి వేసినవి కావు. 1902 నుంచి 1904 వరకు ఆయన మ్యూజియం తరఫున రష్యా ఉత్తరాది పల్లెలు తిరిగాడు. వోలోగ్దా, ఒలోనెత్స్, అర్ఖాంగెల్స్క్ ప్రాంతాలు. చెక్క చర్చిల ఫోటోలు తీశాడు, కుట్టుపని చేసిన బట్టలు, చెక్కడం పనులు సేకరించాడు. ఆ పల్లెటూరి ఆడవాళ్ళు తువ్వాళ్ళ అంచుల మీద కుట్టిన పిట్టలు, తీగలు తర్వాత ఆయన పేజీల అంచుల్లోకి వచ్చాయి. వాళ్ళ పేర్లు మనకి తెలియవు. వాళ్ళ చేతిపని మాత్రం విజయవాడలో మా ఇంటి దాకా వచ్చింది.

రెండో రోజు రొట్టెల షాపులో చిల్లర ఇచ్చారు. మా మేనకోడలు ఒక ఐదు రూబుళ్ళ బిళ్ళ తీసి నా అరచేతిలో పెట్టింది. "ఇదిగో అత్తా, నీ బిలీబిన్" అంది. కాస్త పాత బిళ్ళ. దాని మీద రెండు తలల గద్ద, తలల మీద కిరీటాలు లేవు, రెక్కలు కిందికి వాలి ఉన్నాయి. 1917లో జార్ చక్రవర్తి గద్దె దిగిపోయాక వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం కోసం బిలీబిన్ గీసిన గద్ద అది. తర్వాత డెబ్భై ఏళ్ళకి పైగా మూలన పడింది. సోవియట్ యూనియన్ పోయాక రష్యా బ్యాంకు తన గుర్తుగా తీసుకుంది, 2015 దాకా రూబుల్ బిళ్ళల మీద అదే ఉంది. ఇంకో సంగతి. 1901 నుంచి 1903 మధ్య ఆయన కథల పుస్తకాలు అచ్చేసింది నోట్లు, ప్రభుత్వ కాగితాలు అచ్చేసే ముద్రణాలయం. అంత సన్నటి గీత, అంత శుభ్రమైన రంగు అచ్చులోకి దిగాయంటే దాని వెనక నోట్లు అచ్చేసే వాళ్ళ పనితనం ఉంది. పిల్లల కథలకి అంత శ్రద్ధ పెట్టిన రోజులు అవి. ఆ బిళ్ళ ఖర్చు పెట్టలేదు, ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది.

ఆయన జీవితంలో కథల పుస్తకాలు కాక చాలా ఉంది. 1905 తిరుగుబాటు రోజుల్లో ఒక వ్యంగ్య పత్రికకి గాడిద బొమ్మ వేశాడు, చుట్టూ రాజచిహ్నాలతో. పత్రిక మూతపడింది, ఆయన్ని ఒక రోజు నిర్బంధించారు. నాటకాలకీ ఆపెరాలకీ దుస్తులు, తెరలు గీశాడు. పూష్కిన్ కథ 'సార్ సల్తాన్'కి 1905లో వేసిన బొమ్మల్లో ఒకటి మ్యూజియం షాపులో పోస్టుకార్డుగా దొరికింది. రాణినీ బిడ్డనీ పీపాలో పెట్టి సముద్రంలో వదిలేశారు. కెరటం పడగెత్తినట్టు లేచి ఉంది. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ కెరటం చూసినవాళ్ళకి అది ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. కానీ పైన చుక్కలు మాత్రం రష్యన్ కథలోవే.

అంతర్యుద్ధంలో ఆయన దక్షిణానికి జారుకుంటూ పోయి, 1920లో నొవొరొసియస్క్ రేవులో ఓడెక్కి ఈజిప్టు చేరాడు. మొదట శరణార్థుల శిబిరం, తర్వాత కైరోలో, ఆపైన అలెగ్జాండ్రియాలో చిత్రశాల. 1923లో అలెక్సాంద్రా షెకతీఖినా-పతోత్స్కయా అనే పింగాణీ చిత్రకారిణి కొడుకుతో సహా కైరో వచ్చి ఆయన్ని పెళ్ళి చేసుకుంది. 1925లో పారిస్. అక్కడ పనీ ఉంది, పేరూ ఉంది. కానీ 1936లో భార్యతో, ఆమె కొడుకుతో ఓడెక్కి లెనిన్‌గ్రాద్ వచ్చేశాడు. పీటర్స్‌బర్గ్‌కి అప్పటి పేరు అది. ఆ రోజుల్లో అలా తిరిగి రావడం ఎంత ప్రమాదమో ఇప్పుడు మనకి తెలుసు. ఆయన రాజకీయం ఆలోచించి వచ్చాడని నేను అనుకోను. ఆయన గీసే ప్రతి ఆకూ, ప్రతి తువ్వాలు అంచూ ఈ నేల మీదవి. పదహారేళ్ళు వాటిని గుర్తుపెట్టుకుని గీశాడు. కళ్ళతో చూసి గీయాలనిపించి ఉంటుంది.

ఇవాన్‌గొరొద్ వెళ్ళలేకపోవడం ఈ ప్రయాణంలో నాకు మిగిలిన వెలితి. బిలీబిన్వీ, ఆయన భార్యవీ చాలా చిత్రాలు ఆమె కొడుకు ఆ ఊరి మ్యూజియానికి ఇచ్చాడు. కానీ అది ఎస్తోనియా సరిహద్దు మీదున్న ఊరు, విదేశీయులకి ముందే పర్మిట్ కావాలి. నాలుగు రోజుల్లో అయ్యే పని కాదు.

ఫిబ్రవరి 7న మా మేనకోడలు క్లాసు మానేసి నాతో వచ్చింది. మైనస్ 14. వసీల్యెవ్‌స్కీ ద్వీపంలో మెట్రో దిగి స్మోలెన్‌స్కోయె శ్మశానానికి నడిచాం. ఆ దీవిలో చాలా వీధులకి పేర్లు లేవు, నంబర్లే. ఒకే వీధికి ఈ పక్క ఒక నంబరు, ఆ పక్క ఇంకోటి. గేటు దగ్గర పూలమ్మే పెద్దామె మూడు చలికోట్లు వేసుకుని కూర్చుంది. నేను మూడు ఎర్ర కార్నేషన్లు అడిగాను. ఆమె ఏదో అడిగింది. మేనకోడలు బదులు చెప్పాక మూడు పూలు పక్కన పెట్టి, నాలుగు ఏరి కాగితంలో చుట్టింది. "పోయినవాళ్ళకి సరిసంఖ్యలో ఇస్తారత్తా. బేసి సంఖ్య బతికున్నవాళ్ళకి" అంది మా మేనకోడలు. నాలుగో పువ్వుకి ఆ పెద్దామె డబ్బు తీసుకోలేదు.

లోపల పవిత్ర క్సేనియా చిన్న గుడి చుట్టూ జనం ప్రదక్షిణం చేస్తున్నారు. గోడకి నుదురు ఆనించి ఏదో చెప్పుకుంటున్నారు. దాన్ని దాటితే మనుషులు లేరు. బిలీబిన్‌కి విడిగా సమాధి లేదు, ఆ శీతాకాలంలో పోయిన అకాడమీ ప్రొఫెసర్లతో కలిపి పూడ్చారు. దారులన్నీ మోకాలి లోతు మంచు. గంటసేపు తిరిగాం. రాళ్ళ మీద మంచు చేత్తో తుడిచి మేనకోడలు పేర్లు చదివింది, నేను తల అడ్డంగా ఊపాను. చివరికి వేళ్ళు స్పర్శ తెలియక ఆగిపోయాం. రెండు పూలు అక్కడే ఒక బర్చ్ చెట్టు మొదట్లో పెట్టాను.

అక్కణ్ణుంచి నెవా ఒడ్డున ఉన్న ఆర్ట్స్ అకాడమీకి వచ్చాం. బిలీబిన్ చివరి ఏళ్ళలో పాఠాలు చెప్పింది ఇక్కడే. 1941 సెప్టెంబరు 8న ఊరు జర్మన్ సైన్యం ముట్టడిలో పడింది. వెళ్ళిపొమ్మంటే, ముట్టడిలో ఉన్న కోట నుంచి పారిపోరు, దాన్ని కాపాడతారు అని జవాబిచ్చాడని చెబుతారు. ఇంట్లో ఉండే వీలు లేకపోయాక ఈ భవనం నేలమాళిగలోకి మారాడు. నవంబరు 20 నుంచి నెలకి పైగా ఉద్యోగులకీ పిల్లలకీ ముసలివాళ్ళకీ రోజుకి 125 గ్రాముల రొట్టె, అదీ సగం కల్తీ పిండి. ముందు రోజు ఇంట్లో మా మేనకోడలు అంత రొట్టె కోసి పళ్ళెంలో పెట్టి చూపించింది. నా అరచేతిలో పట్టింది, రెండు పల్చటి ముక్కలు. దాంతో ఆయన ఆ చలిలో 'ద్యూక్ స్తెపానొవిచ్' అనే వీరగాథకి బొమ్మలు వేస్తూ ఉన్నాడు. బంగారు గుండీలు, పట్టు చొక్కాలు, విందులు ఉండే కథ అది. బొమ్మలు పూర్తి కాలేదు.

అకాడమీ ఎదురుగా, నది మెట్ల దగ్గర రెండు ఈజిప్టు స్ఫింక్స్‌లున్నాయి, మనిషి తల, సింహం ఒళ్ళు ఉన్న రాతి బొమ్మలు. మూడు వేల మూడొందల ఏళ్ళు పైబడినవి, 1832లో థీబ్స్ నుంచి ఓడలో తెచ్చారు. ఎండ దేశంలో పుట్టి మంచు మీద కూర్చున్న ఆ రాతి ముఖాల పక్క నుంచి, ఐదేళ్ళు ఈజిప్టులో బతికిన మనిషి రోజూ పనికి వెళ్ళి ఉంటాడు. నది గట్టిగా గడ్డకట్టి ఉంది. మిగిలిన రెండు పూలు అకాడమీ గోడ మొదట్లో, నేలకి దగ్గరగా పెట్టాను. గాలికి కాగితం ఎగిరిపోతుంటే మేనకోడలు వంగి దాని మీద ఒక మంచు గడ్డ పెట్టింది.

"ఆ పుర్రె దీపం కథ తాతయ్య నాకూ చెప్పాడత్తా" అంది, లేచి చేతులు దులుపుకుంటూ.

"చివరిదాకా చెప్పాడా?"

"ఊహూ. నేను మధ్యలోనే నిద్రపోయేదాన్ని."

మెట్రో దాకా నడుస్తూ, ఆ మిగతా కథ చెప్పాను.