చీపురు బాకీ గడప దగ్గర తీర్చాలి

ధనుర్మాసం పెట్టారంటే చాలు మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా పెయింట్ డబ్బాలే. సున్నాలు పోయి ఎమల్షన్లు వచ్చాయి, అరుగులు కొట్టేసి గ్రానైట్ మెట్లు కట్టుకున్నారు. మంచిదే. ఇంటిని బాగుచేసుకోవాలన్న తపన కూడా భక్తిలో భాగమేనని నేను నమ్ముతాను. కానీ మొన్న ఒకరింట్లో, మిట్టమధ్యాహ్నం నిచ్చెన దిగి మంచినీళ్లు అడిగిన పెయింటర్ కుర్రాడికి పెరట్లో కొళాయి చూపించారు. లోపలేమో దేవుడి గదికి పాలరాయి పరుస్తున్నారు. అప్పటినుంచి మనుస్మృతి మూడో అధ్యాయంలోని ఈ శ్లోకం నా మనసులో తిరుగుతూనే ఉంది.

పంచ సూనా గృహస్థస్య చుల్లీ పేషణ్యుపస్కరః
కండనీ చోదకుంభశ్చ బధ్యతే యాస్తు వాహయన్

పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. గృహస్థు ఇంట్లో తెలియకుండా ప్రాణాలు పోయే చోట్లు ఈ ఐదూ. ఆ దోషం తీరడానికి గృహస్థు రోజూ చేయాల్సిన ఐదు విధులే పంచమహాయజ్ఞాలు, అదంతా ఇక్కడ వివరంగా చెప్పను. నా చూపు మాత్రం ఎప్పుడూ ఆ చీపురు దగ్గరే ఆగిపోతుంది. మిగతా నాలుగూ కూటికీ నీళ్లకీ సంబంధించినవి, అవి లేకపోతే పూట గడవదు. చీపురు పట్టేది ఇల్లు కళగా ఉండాలని. బూజుకర్ర ఒక్కసారి పైకెత్తితే సాలీడు గూడు పోయింది, అటక సర్దితే బల్లి గుడ్లు పోయాయి, గోడ పగుళ్లలో పుట్టీ పెడితే చీమల దారి మూసుకుపోయింది. మన ఇల్లు బాగుపడిన ప్రతిసారీ ఇంకెవరిదో ఇల్లు కూలుతోంది. దులపొద్దని శాస్త్రం అనలేదు. దులుపుకో, కానీ ఆ బాకీ రోజూ తీర్చుకో అంది.

ఆ బాకీ తీరేది గడప దగ్గరే. తెల్లవారుజామున బియ్యప్పిండితో ముగ్గు వేస్తే ఎండెక్కేసరికి చీమలు బారులు కట్టి ఒక్కో గీతా మోసుకుపోతాయి. ఆ ఐదింటిలో ఒకటైన భూతయజ్ఞం, అంటే సాటి ప్రాణులకి ఆహారం పెట్టడం, అంతకన్నా ఏం కావాలి! ఇప్పుడు రాతిపిండి, రంగులు, లేదంటే గచ్చుకి అంటించే స్టిక్కర్ ముగ్గులు. ఏడాదంతా చెరగదని గొప్పగా చెబుతారు. చెరగని ముగ్గు వల్ల ఏ చీమ కడుపు నిండుతుందండీ?

అదే అధ్యాయంలో ఇంకొంచెం ముందుకు వెళితే, కుక్కలకీ కాకులకీ పురుగులకీ రోగపీడితులకీ అన్నం నేలమీద పెట్టమంటూ, మెల్లగా పెట్టమని కూడా చెప్పాడు మనువు. శనకైర్నిర్వపేద్భువి. ఎంత పెట్టాలో లెక్క చెప్పలేదు గానీ ఎలా పెట్టాలో చెప్పాడు చూడండి. మెతుకులకి మట్టి అంటకూడదు, తినడానికి వచ్చిన ప్రాణి బెదరకూడదు. పురుగుకి పెట్టేటప్పుడు కూడా మర్యాద తప్పకూడదన్నమాట.

మా ఇంటికి టైల్స్ మార్పించినప్పుడు మేస్త్రీ వీధి మెట్టు పక్కన ఉన్న మూలని కూడా కలిపేసి పరిచేస్తానన్నాడు, చూపుకి బాగుంటుందని. మా అత్తగారు ఒప్పుకోలేదు. "అది కాకి ముద్ద పెట్టే చోటు, దాని జోలికి వెళ్లకు బాబూ" అన్నారు. ఇప్పటికీ ఇల్లంతా నున్నగా మెరుస్తుంటే అక్కడొక్కటే పాత నాపరాయి పలక ఉంటుంది. మధ్యాహ్నం ఆవిడ తినేముందు గుప్పెడన్నంలో కాస్త నెయ్యి వేసి, కాకి నోరు కాలకుండా చల్లారనిచ్చి, మోకాళ్ల నొప్పులున్నా గోడ పట్టుకుని వంగి మరీ ఆ పలక మీద పెడతారు. పక్కనున్న మట్టి మూకుడులో నీళ్లు మారుస్తారు. వసారా చూరుకి వరికంకుల కుచ్చు కట్టించి, పెయింటింగ్ అయ్యేదాకా దాన్ని పక్కకి తీసి, మళ్లీ ఆవిడే దగ్గరుండి కట్టించారు. ఇంటి పనికి వచ్చే అమ్మాయికి కాఫీ మేం తాగే గ్లాసులోనే ఇస్తారు. ఇవన్నీ ఆవిడ ఏ పుస్తకంలోనూ చదివి చేయలేదు.

హరిదాసు సంగతే చూడండి. నోరు తెరిచి బియ్యం అడగడు, హరినామం పాడుకుంటూ వస్తాడు. పిల్లలు దోసిట్లో బియ్యం తెస్తే, తలమీది పాత్ర వాళ్లకి అందేలా తనే మోకాలు వంచి కిందికి వంగుతాడు. ఇవాళ చాలా అపార్ట్‌మెంట్లలో ఆయన్ని గేటు దగ్గరే ఆపేస్తున్నారు. లోపల మాత్రం స్పీకర్లో తిరుప్పావై మోగుతూ ఉంటుంది. నాకు నిజంగా కడుపు మండిపోతుంది.

అందుకే అడుగుతున్నాను, ఈసారి వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచండి, హరిదాసునీ గంగిరెద్దులవాళ్లనీ లోపలికి రానివ్వమని. పిల్లల్ని నిద్రలేపి వాళ్ల చేతే బియ్యం పోయించండి. రంగుల ముగ్గు వేసుకున్నా, గడప దగ్గర చిటికెడు బియ్యప్పిండితో ఒక్క గీతైనా గీయండి. పనివాళ్ల కోసం విడిగా దాచిన ఆ గ్లాసు తీసి అవతల పారేయండి. పాత దుప్పట్లు, చొక్కాలు చిరిగి పేలికలయ్యేదాకా ఉంచకుండా కట్టుకోవడానికి పనికొచ్చేటప్పుడే ఉతికి మడతపెట్టి ఇవ్వండి. ఇంట్లో పని జరుగుతుంటే పదకొండింటికల్లా మజ్జిగ కలిపి, మీరే తీసుకెళ్లి, "తమ్ముడూ, కిందికి దిగి కాసేపు నీడన కూర్చో" అనండి.