పాత పెంకుటిల్లు కోసం ఏడాదిన్నర: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ పూర్తయింది. దస్తావేజు ఇంకా చేతికి రాలేదు గానీ తాళంచెవి మాత్రం నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. జానెడు పొడవున్న ఇనుప చెవి. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో వస్తూ రెండు మూడుసార్లు జిప్ తీసి తడిమి చూసుకున్నాను. ఏడాదిన్నర తిరిగాం దీనికోసం. అన్నీ గుర్తుండగానే రాసేయాలని కూర్చున్నాను. ముఖ్యంగా ఒక రోజు జరిగింది రాయాలి.

మావారిదీ నాదీ హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగాలు. మాకు కావాల్సింది పొలమూ కాదు, ఫామ్‌హౌసూ కాదు. మండువా ఉన్న పాత పెంకుటిల్లు, వీధి అరుగు, పెరట్లో నుయ్యి. నా చిన్నప్పుడు తణుకులో అలాంటి ఇంట్లోనే ఒక వాటాలో అద్దెకుండేవాళ్లం. మండువాలో వాన పడుతుంటే చుట్టూ ఉన్న వసారాలో కూర్చుని ఎక్కాలు చదివినదాన్ని. రిపేర్లతో కలిపి 20 లక్షలు దాటకూడదని ముందే గీత గీసుకున్నాం.

అందరిలాగే మొదట కోనసీమకే పోయాం. అక్కడ మా డబ్బుకి ఇల్లు కాదు కదా, ఖాళీ స్థలం కూడా సరిగ్గా రాదని వారంలో తెలిసిపోయింది. బాగున్న ఇళ్లను బయటివాళ్లు గెస్ట్‌హౌసుల కోసం కొనేస్తున్నారు. మిగిలినవి కలప వ్యాపారులకు పోతున్నాయి. రెండు చోట్ల మేం వెళ్లేసరికే టేకు స్తంభాలు, గుమ్మాలు ఊడదీసి లారీకెక్కిస్తున్నారు. చవకగా దొరికిన ఒకే ఒక్క ఇల్లు లంకలో ఉంది. లోపలి గోడ మీద నా నడుము ఎత్తున మట్టిరంగు చార ఒకటి కనిపించింది. ఏమిటని అడిగితే 1986 వరద నీళ్లు అక్కడిదాకా నిలిచాయన్నారు. 2022 జులైలోనూ గడప దాటాయట. లంక ఊళ్లలో ధర తక్కువ చెప్పారంటే ముందు గోడలు చూసుకోండి.

భీమవరం, ఆకివీడు వైపు ఇళ్లు బాగున్నాయి, ధరలూ పరవాలేదు. కానీ చుట్టూ రొయ్యల చెరువులే. ఒక ఇంట్లో గోడ కింది భాగం మీద చెయ్యి వేస్తే సున్నం ఇసకలా రాలింది, లోపలి ఇటుక మీద తెల్లటి ఉప్పు పొర తేలింది. నూతి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాను. తరతరాలు తాగిన నుయ్యిని అలా చేసుకున్నందుకు నాకు నిజంగా బాధేసింది. మీరు ఏ ఊరు వెళ్లినా నూతి నీళ్లు తాగి చూడకుండా ధర మాట్లాడకండి. దివిసీమ మాటెత్తితే మా అత్తగారు 1977 నవంబరు ఉప్పెన గురించి చెప్పి, నేను బతికుండగా వద్దన్నారు. అటు వెళ్లనే లేదు.

ఇక ఆ ఊరు. పేరు రాయను. డెల్టాలోనే, కాలవ గట్టున ఉంటుంది. ఇల్లు చూడగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నాలుగు వైపులా వసారా, గానుగ సున్నంతో వేసిన గచ్చు ఇంకా అద్దంలా నున్నగా ఉంది, పెరట్లో పనసచెట్టు. నాలుగుసార్లు వెళ్లాం. అన్నదమ్ములిద్దరితో మాట్లాడి 11 లక్షలకు ఖాయం చేసుకున్నాం. అయిదోసారి 50 వేలు అడ్వాన్సు తీసుకుని వెళ్లాం. అరుగు మీద చాప వేశారు, కూర్చున్నాం. వాళ్ల పెదనాన్నగారట, అప్పటిదాకా మేం చూడని పెద్దాయన, కర్ర పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"ఇంటిపేరేంటండీ?" అన్నారు. మావారు చెప్పారు. "ఆ ఇంటిపేరు రెండు మూడిళ్లల్లో ఉంటాది కదండీ" అన్నారు. మేం నవ్వి ఊరుకున్నాం. "మీ నాన్నగారిదే ఊరు? అమ్మగారి తరపు వాళ్లెవరు? ఈ చుట్టుపక్కల మీవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" ఒక్కొక్కటే అడుగుతున్నారు. అడుగుతున్నది దేని గురించో మా ఇద్దరికీ తెలుసు, వాళ్లకీ తెలుసు. చివరికి, "ఇంతకీ మీరేమట్లండీ?" అనేశారు. మావారు సూటిగా చెప్పారు. దాచుకోవాల్సిన పని మాకేం ఉంది?

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి ఆ ఇంటి కోడలు పళ్లెంలో మజ్జిగ గ్లాసులు తెస్తోంది. స్టీలు గ్లాసులు, పైన కరివేపాకు రెబ్బ కూడా కనిపిస్తోంది నాకు. పెద్దాయన తల తిప్పి చూశారు, ఏమీ అనలేదు. ఆ అమ్మాయి గడప దగ్గరే ఆగిపోయింది. రెండు క్షణాలు నిలబడి వెనక్కి తిరిగి లోపలికెళ్లింది. కాసేపటికి ఒక పిల్లాడు పేపరు గ్లాసుల్లో నీళ్లు తెచ్చి మా పక్కన అరుగు మీద పెట్టి వెళ్లాడు. అంతకుముందు నాలుగుసార్లు అదే ఇంట్లో స్టీలు గ్లాసుల్లోనే కాఫీ తాగాం.

అడ్వాన్సు తీసుకోలేదు. "ఆషాఢం కదండీ, వెళ్లనివ్వండి, శ్రావణంలో మాట్లాడుకుందాం" అన్నాడు పెద్దన్నయ్య, నేల చూస్తూ. శ్రావణంలో ఫోను ఎత్తలేదు. మధ్యవర్తికి చేస్తే, "ముందే చెప్పుంటే ఆ వీధి చూపించేవాణ్ణే కాదు కదమ్మా, నాకూ మాటొచ్చింది" అన్నాడు. మమ్మల్ని అన్నాళ్లు తిప్పినందుకు కాదు, అతనికి మాటొచ్చినందుకు బాధ! ఆ రోజు బస్సులో మావారు డబ్బు కవరు ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. యాభై నాలుగేళ్ల మనిషి. ఇరవై ఎనిమిదేళ్లుగా నెల జీతంలో దాచిన డబ్బు అది.

ఆ ఇంటి మట్టి తొక్కింది ఎవరు? సున్నం గానుగ తిప్పింది ఎవరు? ఆ దూలాలు భుజాన మోసి పైకెత్తింది ఎవరు? అన్ని చేతులు పడితే లేచిన ఇంట్లో ఉండటానికి మాత్రం ఒక్కళ్లే తగినవాళ్లా? ఇల్లు కట్టినవాడికి రాని అంటు కొన్నవాడికి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్న ఆ అరుగు మీదే అడగాల్సింది. నోరు రాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మొన్న దీపావళి వానలకు ఆ ఇంటి పడమటి వసారా కప్పు కూలిందని తెలిసింది. ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. నాకు సంతోషమేమీ వేయలేదు. ఆ గచ్చు మీద వాన పడుతోందంటే కడుపులో దేవినట్టయింది.

ఆ తర్వాత ఆరు నెలలు ఎటూ వెళ్లలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పద్ధతి మార్చాం. రైలు దిగి అరగంటలో చేరేలా ఉండాలి, మెట్ట కావాలి, నూతి నీళ్లు మంచివి కావాలి. అలా సామర్లకోట, పెద్దాపురం వైపు పల్లెలు పట్టుకున్నాం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సామర్లకోట. గోదావరి వరద భయం లేదు, కోనసీమ అందమూ లేదు, అందుకే ధరలు మా చేతికి అందాయి. ఇంకోటి, ఏ ఇల్లయినా చూసే ముందే మేమెవరమో మేమే చెప్పేయడం మొదలుపెట్టాం. ఈ సలహా ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం లేదు. కానీ నాలుగుసార్లు తిరిగాక అరుగు మీద తెలుసుకునే కంటే మొదటి ఫోన్లోనే తెలియడం నయం. ఇద్దరు ఫోన్లోనే తప్పుకున్నారు. మూడో ఇల్లు ఒక మామ్మగారిది, కాకినాడలో కొడుకు దగ్గర ఉంటారు. ఆవిడా అదే ప్రశ్న అడిగారు. చెప్పాం. "అలాగా" అని ఊరుకుని, "నుయ్యి పూడ్పించరు కదా?" అన్నారు. పూడ్పించమన్నాం. 9 లక్షల 40 వేలకు తెగింది.

ఇంటి తనిఖీకి మా సొంత వడ్రంగిని తీసుకెళ్లాం. దూలాలన్నీ స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాడు, చెద రెండు వాసాలకే ఉంది. మంగళూరు పెంకు చాలావరకు బాగుంది. సున్నపు గోడలకు సిమెంటు పూత పూయించమని ఎవరు చెప్పినా వినకండి, లోపలి చెమ్మ బయటికి రాక గోడ కుళ్లుతుంది.

కాగితాల దగ్గర మాత్రం నేను గర్వంగా చెప్పుకుంటాను. ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఉంది, ఇంటికి విడిగా సర్వే నంబరు ఉండదు. డోరు నంబరు, ఇంటిపన్ను రసీదులు, నాలుగు వైపులా హద్దులు, పాత లింకు దస్తావేజు, ఇవే ఆధారం. అది 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) లేదని ముందే చూసుకున్నాను. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం, ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది కావాలంటే ఆఫీసులో వెతికించుకోవాలి. "అంతా క్లియర్ అమ్మా, అక్కర్లేదు" అన్నారు అందరూ. నేను వినలేదు. ఈసీ తీయిస్తే 1991లో ఒక సొసైటీకి పెట్టిన తాకట్టు బయటపడింది. అప్పు ఎప్పుడో తీర్చేశారు గానీ విడుదల పత్రం రిజిస్టరు చేయించలేదు. మధ్యవర్తీ చూడలేదు, మేం ఫీజు కట్టిన లాయరుగారూ చూడలేదు. నేను చూశాను. అది సరిచేయించడానికి రెండు నెలలు పట్టింది.

ఇంకా ఇద్దరు ఆడపిల్లల సంతకాలు. ఇల్లు మామ్మగారి మామగారి నుంచి వచ్చిన ఆస్తి. కొడుకు ఒక్కడే సంతకం పెడతానన్నాడు, అక్కలు ఏమీ అనుకోరన్నాడు. అనుకోకపోయినా సంతకం కావాల్సిందే. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పిత్రార్జితంలో కూతుళ్లకూ సమాన హక్కు వచ్చింది, 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండో ఆవిడ అమెరికాలో ఉన్నారు. అక్కడి భారత కాన్సులేట్‌లో జీపీఏ (తన తరపున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) రాయించి పంపారు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. ఈ గడువు సంగతి మాకెవరూ చెప్పలేదు, పద్దెనిమిది రోజులుండగా తెలిసి పరిగెత్తాం.

రిజిస్ట్రేషన్ ఒక పూటలో అయిపోయింది. స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, ఫీజు 1, మొత్తం 7.5 శాతం. ఇది బడ్జెట్‌లో ముందే వేసుకోండి.

ఆఫీసు నుంచి తిన్నగా ఇంటికెళ్లాం. మామ్మగారు కూడా వచ్చారు, ఒకసారి చూసుకుంటానని. నూతి గిలక తుప్పు పట్టి తిరగట్లేదు. మావారు చేంతాడు చేతులతోనే లాగి బొక్కెనెడు నీళ్లు తోడారు. మామ్మగారు ముందు తను దోసిట్లో పట్టుకుని తాగారు, తర్వాత నాకు పోశారు. ఆదివారం వడ్రంగి వస్తాడు. ముసురు పట్టేలోపు ఆ రెండు వాసాలు మార్చి, ఈశాన్యం మూల పెంకు సర్దించాలి. గిలక పెద్దాపురంలో దొరుకుతుందో సామర్లకోట వెళ్లాలో కనుక్కోవాలి.